ల్యాబు గొర్రె

కదిరమ్మ మాంసం ముట్టదు. వాళ్ల ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అలాంటి మనిషి పదహారేళ్లపాటు, పదిహేను రోజులకొకసారి, పొద్దున్నే ఆరున్నరకల్లా మడివాళ మార్కెట్ వెనక ఫయాజ్ మాంసం అంగడి దొడ్లో గొర్రె పక్కన కూర్చునేది. చేతిలో గాజు సీసా, దాని అడుగున గుప్పెడు గాజు పూసలు. ల్యాబు టెక్నీషియన్ కృష్ణప్ప గొర్రె మెడ మీద బొచ్చు గొరిగి, స్పిరిట్ తుడిచి, సూదితో రక్తం లాగి ఆ సీసాలో వదిలేవాడు. కదిరమ్మ దాన్ని పది నిమిషాలు ఆపకుండా గుండ్రంగా తిప్పాలి. తిప్పుతుంటే గడ్డకట్టే పీచంతా పూసలకు చుట్టుకుని, రక్తం పలచగా మిగులుతుంది. ఒక్క నిమిషం చెయ్యి ఆగిందా, అంతా గడ్డే.

పని అయ్యాక గొర్రె లేచి, ఏమీ జరగనట్టు మళ్లీ గడ్డి నమిలేది. అదే ఆమెకు ఊరట. "చంపేది నేను కాదు గదా" అని ఇంట్లో మొగుడు నారాయణప్పతో అనేది. అతను నవ్వి, "ముందు స్నానం చేసి రాపో, పూజకు టైమైతాది" అనేవాడు.

నారాయణప్పది కబ్బన్‌పేటలో మగ్గం పని. అక్కడ మగ్గాలు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో, ఎనభై ఎనిమిదిలో, కదిరమ్మ మడివాళలోని ఆ ప్రైవేటు ల్యాబులో సీసాలు కడిగే పనికి చేరింది. చదువు ఆరో తరగతి. అయినా రెండేళ్లు తిరక్కుండానే క్రిములకు వంట చేసే పని ఆమె చేతికి వచ్చింది. వంట అనడం ఎగతాళికి కాదు. మన ఇళ్లలో చైనాగ్రాస్ అంటామే, అలాంటి పొడిని నీళ్లలో కరిగించి, పెద్ద కుక్కరులో ఆవిరికి పెట్టి, చల్లార్చి, దాంట్లో రక్తం కలిపి, మూతల ప్లేట్లలో పలచగా పోయాలి. ఆ ఎర్రటి పొర మీద రోగి గొంతులోంచో పుండులోంచో తీసిన తడిని రుద్ది, ఒంటి వేడి ఉండే పెట్టెలో ఒక రాత్రి ఉంచితే, లోపల దాక్కున్న క్రిములు చుక్కలు చుక్కలుగా మొలిచి బయటపడతాయి. రక్తం కలిపేటప్పుడు వేడి ఎక్కువైతే పొర గోధుమరంగుకు తిరుగుతుంది, తక్కువైతే గడ్డలు కడుతుంది. అందరూ థర్మామీటరు చూసేవాళ్లు. కదిరమ్మ సీసాను చెంపకు ఆనించుకుని, "ఇప్పుడు పోయండి" అనేది. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

రోజూ చూసే కళ్లకు ఏది తెలియకుండా పోతుంది? సెగగడ్డ చీములోంచి వచ్చేవి బంగారు రంగులో ముద్దుగా ఉంటాయి. కాలిన పుండులోంచి వచ్చే ఒక రకం మూత తీయగానే ద్రాక్షపళ్ల వాసన కొడుతుంది. మూత్రం శాంపిళ్లలో కొన్ని జిగురుగా సాగుతాయి, కొన్ని అలలు అలలుగా ప్లేటంతా పాకేస్తాయి. వాటి పేర్లు ఆమెకు నోరు తిరిగేవి కావు గానీ, చూడగానే ఏ బాపతో చెప్పేది. మడివాళ పేయింగ్ గెస్ట్ ఇళ్లలో ఉండే కుర్రాళ్లంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట. జ్వరం రాగానే మెడికల్ షాపులో రెండు మాత్రలు కొని మింగి, తగ్గకపోతే అప్పుడు ల్యాబుకు వచ్చేవాళ్లు.

"ఏం లాభమమ్మా? మొలకలన్నీ తొక్కేసినాక చేను చూడమంటారు" అని డాక్టర్ హరిణి దగ్గర విసుక్కునేది.

హరిణి తొంభై ఆరులో గుంటూరు నుంచి వచ్చి ఆ ల్యాబులో చేరిన మైక్రోబయాలజిస్టు. వయసులో చిన్నది, పదవిలో పెద్దదైనా కదిరమ్మను గారూ అనకుండా పిలిచేది కాదు. "మీరు చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్ కదిరమ్మగారూ. శాంపిల్ ఫస్ట్, మందు నెక్స్ట్. మందు స్టార్ట్ చేశాక కోర్సు మధ్యలో ఆపకూడదు. ఈ రెండూ చెప్పీ చెప్పీ నా గొంతు పోతోంది" అనేది.

ఆ అమ్మాయే చేరిన మొదటి వారంలో కదిరమ్మను కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. "గొంతు నొప్పి చాలావరకు వైరస్ వల్లే వస్తుంది. దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు, దానంతటదే పోతుంది. కానీ పిల్లల్లో స్ట్రెప్ అని ఒక బాక్టీరియా ఉంటుంది. దాన్ని వదిలేస్తే, రెండు మూడు వారాల తర్వాత కీళ్లు వాస్తాయి. ఆ తర్వాత గుండె వాల్వుల మీద పడుతుంది. పది రోజులు పెన్సిలిన్ వాడితే ఇదంతా ఉండదు. ఆ స్ట్రెప్‌ని పట్టిచ్చేది మీ ప్లేటే. అది ఎర్ర రక్తాన్ని తినేసి, తన చుట్టూ తేటగా రింగు చేస్తుంది. అందుకే గొర్రె రక్తమే వాడాలి. బ్లడ్ బ్యాంకులో డేటు అయిపోయిన మనుషుల రక్తం ఫ్రీగా ఇస్తామంటారు, తీసుకోవద్దు. దాంట్లో గడ్డకట్టకుండా వేసిన ద్రావణం ఉంటుంది, రక్తమిచ్చినవాళ్లు వాడిన మందులుంటాయి. రింగు సరిగ్గా రాదు."

కదిరమ్మ తల ఊపింది. ఆ మాటలు ఆమె మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఈ కథలో ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

ఫయాజ్‌ది కదిరి దగ్గర పల్లె. గొర్రెలు అటునుంచే లారీల్లో తెప్పించేవాడు. "మా ఊరి పేరు పెట్టుకున్న అక్క" అని కదిరమ్మను మొదటి రోజు నుంచీ అక్కా అనే పిలిచేవాడు. రక్తానికి డబ్బు తీసుకునేవాడు కాదు. అతనికి ఒక్కతే కూతురు, సమీనా. తొంభై తొమ్మిదిలో ఎనిమిదేళ్లు. కదిరమ్మ సీసా తిప్పుతుంటే ఎదురుగా కూర్చుని, గొర్రెకు నొప్పి పుడుతుందా అని ప్రతిసారీ అదే ప్రశ్న అడిగేది. "నీకు సూది ఏసినప్పుడు పుట్టినంత" అని ప్రతిసారీ కదిరమ్మ అదే జవాబు చెప్పేది.

ఆ ఏడు మార్చి ఆఖర్లో బక్రీదు వచ్చింది. బక్రీదుకు దొడ్డి మొత్తం ఖాళీ అవుతుందని, మళ్లీ లారీ రావడానికి వారం పడుతుందని కదిరమ్మకు తెలుసు. అందుకే నాలుగు రోజుల ముందే వెళ్లి చెప్పింది.

"ఒక్కటన్నా ఉంచప్పా. ఫ్రిజ్‌లో ఉండే రక్తం పండగదాకే వస్తాది."

"నీకు లేదంటానా అక్కా? కొమ్ములది ఒకటి పక్కన కట్టేస్తా. ఎవురడిగినా ఇయ్యను."

పండగ మర్నాడు కృష్ణప్పతో కలిసి వెళితే దొడ్లో పేడ తప్ప ఏమీ లేదు. ఫయాజ్ తల గోక్కున్నాడు. "దానికి కాలు కుంటుబడె అక్కా. ఊరికి పంపిచ్చేసినా. వారం ఓపిక పట్టు" అన్నాడు.

ఆ వారం హరిణి గుంటూరులో తమ్ముడి పెళ్లికి వెళ్లి ఉంది. శాంపిళ్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. కృష్ణప్ప తిన్నగా బ్లడ్ బ్యాంకుకు పోయి డేటు అయిపోయిన సంచీ ఒకటి పట్టుకొచ్చాడు. "రక్తం రక్తమే కదమ్మా. ఒక్క వారం. డాక్టరమ్మ వచ్చేసరికి అయిపోతాది" అన్నాడు. కదిరమ్మ వద్దనలేదు. సీసా చెంపకు ఆనించుకుంది, పోయమంది. చేతికి పని అలవాటై ఉంటే నోరు లేవదు. తప్పని తెలిసీ ఆమె ప్లేట్లు పోసింది.

మూడో రోజు ఫయాజ్ సమీనాను ఎత్తుకుని ల్యాబుకు వచ్చాడు. పిల్లకు జ్వరం, మింగుడు పడటం లేదు, మెడకింద గడ్డలు. దగ్గు లేదు, జలుబు లేదు. వీధి చివరి పిల్లల డాక్టరు పెన్సిలిన్ మాత్రలు రాసి, మొదలుపెట్టే ముందే గొంతు పరీక్ష చేయించమని చీటీ ఇచ్చాడు. మంచి డాక్టరే, చేయాల్సింది చేశాడు. సమీనా నోరు తెరిస్తే కృష్ణప్ప దూది పుల్లతో గొంతు వెనక తుడిచాడు. పిల్ల కళ్లనీళ్లతో కదిరమ్మ కొంగు పట్టుకుంది. పండగకు చల్లటి కూల్‌డ్రింకులు తాగి ఉంటుందిలే అని కదిరమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది.

మర్నాడు పొద్దున ప్లేటు తీసి చూసింది. సూదిమొనంత చుక్కలు కొన్ని ఉన్నాయి. చుట్టూ రింగు లేదు. పొర చిక్కగా, కుంకుమలా ఎర్రగా ఉంది. ఆ చుక్కల్ని చూస్తే ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. ఇంకో రోజు ఉంచి చూద్దామా అని నోటిదాకా వచ్చింది. అప్పటికే కృష్ణప్ప రిపోర్టు రాసేశాడు: రోగకారక క్రిములు లేవు. ఆ కాగితం చూసి డాక్టరు వైరస్ అనుకుని రెండో రోజుకే మాత్రలు ఆపించేశాడు. రిపోర్టును నమ్మడం ఆయన తప్పు కాదు. నాలుగు రోజులకు జ్వరం పోయింది, పిల్ల బడికి వెళ్లింది. అందరూ మరిచిపోయారు.

మూడు వారాలు గడిచాయి. కొత్త గొర్రెలు వచ్చాయి, హరిణి వచ్చింది, పాత సంచీ చెత్తలోకి పోయింది. రక్తం కోసం మళ్లీ దొడ్డికి వెళ్లిన రోజు కదిరమ్మకు సమీనా కనిపించలేదు. లోపల మంచం మీద ఉంది. కుడి మోకాలు కొబ్బరికాయంత వాచింది.

"బళ్లో ఎగిరి దూకినట్టుండాది" అన్నాడు ఫయాజ్. "మొన్న ఎడమ చీలమండ వాచె. అది తగ్గి ఇప్పుడు ఇది. రేపు పుత్తూరు కట్టు కట్టిస్తా."

కదిరమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది. పిల్ల కెవ్వున అరిచింది. ఒక కీలు తగ్గి ఇంకో కీలు. మూడు వారాలు. హరిణి చెప్పిన మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. "కట్టూ వద్దు, గిట్టూ వద్దు. ఇది ఎముక కాదప్పా. ఇప్పుడే నాతో రా" అంది.

ల్యాబుకు తీసుకెళ్లి, పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, హరిణి గదిలోకి వెళ్లి తలుపు వేసింది. ఏ వంకా పెట్టలేదు. "నువ్వు వద్దన్న రక్తం పోసినానమ్మా. కృష్ణప్ప తెచ్చినాడు, కానీ పోసింది నేను. తెలిసే పోసినాను. ఈ పిల్ల ప్లేటు దాంట్లోదే. ఉద్యోగం తీసేస్తే తీసెయ్. ముందు పిల్లను చూడు."

హరిణి ముఖం తెల్లబోయింది. తిట్టలేదు. ఆ తిట్టకపోవడమే కదిరమ్మకు చెంపదెబ్బలా తగిలింది. సమీనాకు రక్తపరీక్ష చేశారు, మళ్లీ గొంతు తుడిచారు. ఈసారి ప్లేటుకు గొర్రె రక్తం ఆ పొద్దున ఫయాజ్ దొడ్లోంచి వచ్చిందే. మర్నాడు కదిరమ్మ మూత తీసేసరికి, ప్రతి చుక్క చుట్టూ తేటగా రింగు. ప్లేటు కింద వార్తాపత్రిక పెడితే ఆ రింగుల్లోంచి అక్షరాలు చదవొచ్చు. ఆమె అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చింది. అంత స్పష్టంగా కనిపించాల్సిన దాన్ని తానే మూసిపెట్టింది.

పెద్దాసుపత్రిలో గుండెకు స్కాన్ తీశారు. వాల్వులు బాగానే ఉన్నాయి. అదృష్టం అంత మాత్రం మిగిలింది. కానీ ఒకసారి ఈ కీళ్ల జ్వరం వచ్చిన పిల్లకు మళ్లీ గొంతులో ఆ క్రిమి చేరితే, ఈసారి గుండెను వదలదని చెప్పారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది. పలచటి సున్నంలా తెల్లగా ఉండే మందు, తుంటిలో లావు సూదితో. రెండు రోజులు కుంటాలి. ఒక్కటి కూడా తప్పకూడదు.

హరిణి తప్పు రిపోర్టును సరిదిద్ది ఆ డాక్టరుకు రాసింది. కృష్ణప్పను రిపోర్టుల మీద సంతకం నుంచి తప్పించారు. కదిరమ్మ ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే కొంత తేలికయ్యేదేమో. ఫయాజ్‌కు చెప్పే పని మాత్రం ఆమె హరిణికి వదల్లేదు. తానే దొడ్డికి వెళ్లి, నిలబడే, మొత్తం చెప్పింది. బ్లడ్ బ్యాంకు సంచీ సంగతి, చుక్కల సంగతి, కలుక్కుమన్న సంగతి కూడా.

ఫయాజ్ గొర్రెకు తాడు కడుతున్నాడు. కట్టిన ముడినే విప్పి మళ్లీ కట్టాడు. తల ఎత్తలేదు. లోపలికి వెళ్లిపోయాడు. కదిరమ్మ ఇంటికి వచ్చి, "ఆ మనిషి ఇంక నా మొగం చూడడు" అని నారాయణప్పతో అంది.

కానీ పదిహేను రోజులకు వెళితే గొర్రె సిద్ధంగా ఉంది. ఆ సంగతి మాత్రం ఫయాజ్ మళ్లీ ఎత్తలేదు. మరుసటి బక్రీదుకు దొడ్డంతా ఖాళీ అయినా, ఒక మూల కొమ్ములకు పచ్చ రిబ్బను కట్టిన గొర్రె ఒకటి నిలబడి ఉంది. "అది ల్యాబు గొర్రె. ఎవురికీ ఇయ్యను" అన్నాడు. ఆపై ప్రతి ఏడూ అంతే. క్షమించాడేమో అనుకుందామంటే అతని చూపు ఎప్పుడూ నేల మీదే. కదిరమ్మ దాన్ని కోపమనే అనుకుంది, తనకు తగిందేనని కూడా అనుకుంది.

ఇంట్లో గోడ క్యాలెండరులో ఇరవై ఒక్క రోజులకొకసారి ఎర్ర పెన్సిలుతో చుట్టేది. ఆ రోజు వానైనా, బందైనా, సమీనాను బడి దగ్గరే పట్టుకుని క్లినిక్కుకు తీసుకుపోయేది. ఒకసారి ఊళ్లో గొడవలై బస్సులు ఆగితే, కబ్బన్‌పేట నుంచి మడివాళకు నడిచే వచ్చింది. పిల్ల పదమూడేళ్లప్పుడు రానని మొండికేసి మిద్దె మీద దాక్కుంటే, పైకెక్కి పక్కన కూర్చుంది. "ఎందుకు ఆంటీ నీకింత పట్టు?" అని సమీనా అరిచింది. తప్పు నాది కాబట్టి అని అప్పుడు చెప్పింది. పిల్ల లేచి చెప్పులు వేసుకుంది.

రెండువేల ఆరులో ల్యాబు మహదేవపుర వైపు ఇంకో శాఖ తెరిచింది. ప్లేట్లు బొంబాయి నుంచి రెడీమేడ్‌గా, ప్లాస్టిక్ కవర్లలో రావడం మొదలైంది. అవి శుభ్రమైనవి, నికరమైనవి. కదిరమ్మ చెంపతో ఎవరికీ పని లేకపోయింది. ఆమెను రిసెప్షన్ పక్కన శాంపిళ్లు తీసుకునే చోట కూర్చోబెట్టారు. రక్తం ఇప్పుడు కొత్త శాఖ నుంచి వస్తోందని, పండగకు చాలకపోవచ్చని ఫయాజ్‌తో అంది గానీ అసలు సంగతి చెప్పలేదు. చెబితే బక్రీదు గొర్రె ఉండదు. ఆ గొర్రె ఉన్నంతకాలం అతనికి తనమీద ఏదో కొంత దయ ఉన్నట్టే అనిపించేది. పండగ మర్నాడు వెళ్లి, దాన్ని చూసి, "ఇప్పుడు అవసరం లేదులే అప్పా" అని వచ్చేసేది.

రెండువేల ఎనిమిది డిసెంబరులో, బక్రీదు అయిన మూడో రోజు, సమీనాకు ఆఖరి సూది పడింది. అంతకుముందే గుండె స్కాన్ మళ్లీ తీశారు. మచ్చ లేదు. ఇక చాలని డాక్టరు కాగితం మీద గీత కొట్టాడు. సమీనా కుంటుతూ, నవ్వుతూ ఆటో ఎక్కింది. ఇద్దరూ దొడ్డికి వచ్చేసరికి ఫయాజ్ పచ్చ రిబ్బను గొర్రెకు గడ్డి వేస్తున్నాడు. గడ్డం సగం నెరిసింది.

కదిరమ్మ ఇంక దాచడం ఎందుకనుకుంది. "ఈ గొర్రెను అమ్ముకో అప్పా. రెండేండ్లాయె, ల్యాబులో రక్తం వాడడం లేదు. నీతో చెప్పలేదు. ఈ తప్పు కూడా నాదే."

"నాకు తెలుసు అక్కా. మీ ల్యాబు డ్రైవరు ఎప్పుడో చెప్పె."

"తెలిసీ ఏంటికి ఉంచినావు?"

ఫయాజ్ గడ్డి మోపు కింద పెట్టాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "ఆ ఏడు నీకని కట్టేసిన గొర్రెకు కాలు కుంటుబడలేదక్కా. ఊరికీ పంపలేదు. పండగ నాడు పొద్దున్నే ఒకాయన వచ్చి రెండింతలిస్తాననె. ఇచ్చేసినా. ఒక్క గొర్రె, ఏమైతాదిలే అనుకున్నా. నువ్వొచ్చి తప్పంతా నీ మీద ఏసుకోని చెప్తా ఉంటే, నాకు నోరు రాలేదు. నా బిడ్డను కాపాడాల్సిన గొర్రెను నేనే అమ్ముకున్నానని ఎట్ల చెప్పేది?"

కదిరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా భగ్గుమంది. "తొమ్మిదేండ్లప్పా! నువ్వు నేల చూసినప్పుడల్లా నన్ను చూడలేక అనుకున్నా. దేవుని గూట్లో దీపం పెడితే కూడా ఈ పిల్ల గుండే కళ్ల ముందు. నా ఒక్కదాని నెత్తినే మోసినాను గదా! ఒక్క మాట చెప్పింటే ఏం పోయె నీ సొమ్ము?" ఆమె తిట్టింది. అంగడి ముందు బేరమాడుతున్నవాళ్లు తొంగిచూసేటట్టు తిట్టింది. ఫయాజ్ తల వంచుకుని ప్రతి మాటా తీసుకున్నాడు. తిట్టే కొద్దీ ఆమె గొంతులో కోపం తగ్గి ఏడుపు వచ్చింది.

సమీనా గొర్రె పక్కన, ఒక కాలి మీద బరువేసి నిలబడి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకు నవ్వు రాలేదు.

"నూట అరవై ఎనిమిది సూదులు" అంది. "నేను లెక్కబెట్టినా. ఇన్నాళ్లూ ఆంటీ ఒక్కదాని వల్లే అనుకున్నా. అబ్బాజాన్, నువ్వు ఆంటీకి బాకీ పడినావు. నాకు మీరిద్దరూ పడినారు."

సమీనా వంగి గొర్రె మెడ మీద, సూది గుచ్చే చోట, వేళ్లతో నిమిరింది. "దీన్ని అమ్మొద్దు" అంది. ఫయాజ్ అమ్మనన్నాడు.

ఇంటికి వచ్చాక కదిరమ్మ అలవాటుగా ఎర్ర పెన్సిలు తీసుకుని క్యాలెండరు దగ్గర నిలబడింది. ఇరవై ఒక్క రోజులు వేలితో లెక్కబెట్టబోతే డిసెంబరు అయిపోయింది. కొత్త క్యాలెండరు ఇంకా చుట్టే ఉంది. దాన్ని విప్పకుండా, పెన్సిలు గూట్లో పెట్టి, నారాయణప్పను పిలిచి జరిగిందంతా మొదటినుంచి చెప్పింది. చెప్పేటప్పుడు "నా తప్పు" అన్న చోటల్లా, తొమ్మిదేళ్లలో మొదటిసారి, "మా తప్పు" అంది.